తొంభై ఒకటో సంతకం

"మళ్ళీ చెప్పు. మొదట్నుంచీ."

"ఇప్పటికి మూడుసార్లు చెప్పానే తల్లీ."

"నాలుగోసారి చెప్పు. ఈసారి ఏడవకుండా చెప్పు."

గోడ గడియారంలో రెండూ ఇరవై. నాలుగింటికి ఎగువ సభ మళ్ళీ కూర్చుంటుంది. సరిగ్గా అదే సమయానికి మా అక్కని అరెస్టు చేస్తామని భద్రతాధికారి కాగితం మీద రాసిచ్చాడు. అంటే నాకున్నది వంద నిమిషాలు.

మా అక్క ఎగువ సభలో ప్రమాణ పుస్తకం గుమాస్తా. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు. ఇంట్లో పోపుల డబ్బా ఒక అంగుళం జరిగినా ఎవరు తీశారని నిలదీసే మనిషి. నేను ఆమె చెల్లెల్ని. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్నాను. శాఖలో ఉన్నప్పుడు నన్ను కందిరీగ అనేవాళ్ళు. ఇప్పుడూ అంటారు, కాకపోతే వెనకాల. సభ సిబ్బందిలో ఎవరిమీద ఆరోపణ వచ్చినా తన తరఫున ఒక మనిషిని తెచ్చుకోవచ్చని నిబంధన ఉందట. అక్క లాయర్ని పిలవకుండా నన్ను పిలిచింది. అది నామీద నమ్మకమో, లాయర్ల మీద అపనమ్మకమో ఇప్పటికీ తెలియదు.

"ముందు ఈ అభిశంసన ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పు. పేపర్లో చదివితే బుర్ర గిర్రున తిరుగుతోంది."

అక్క ముక్కు తుడుచుకుంది. పని గురించి అడిగితే చాలు, ఆమె గొంతు సర్దుకుంటుంది.

"ఏముందే! దేశాధ్యక్షుడు తప్పు చేశాడనుకో. మామూలు పోలీసులు పట్టుకోలేరు కదా. దిగువ సభ ఓటు వేసి అభియోగ పత్రం రాస్తుంది. ఈయన తనకు గిట్టనివాళ్ళ ఫోన్లన్నీ దొంగచాటుగా విన్నాడని రాశారు. అంతటితో వాళ్ళ పని సరి. తీర్పు చెప్పేది మన ఎగువ సభ. పిన్ని ఫిర్యాదు చేస్తే పెదనాన్న తీర్పు చెప్పినట్టు. ఫిర్యాదు చేసిన పిన్నే తీర్పు కూడా చెప్తే ఇంకేముంది?"

"మరి ప్రధాన న్యాయమూర్తి ఎందుకు?"

"మామూలు రోజుల్లో మా సభ నడిపేది ఉపాధ్యక్షుడు. అధ్యక్షుడు దిగిపోతే కుర్చీ ఎక్కేదీ ఆయనే. పెళ్ళికొడుకే పెళ్ళిపెద్దయితే ఎలా? అందుకని ఈ ఒక్క విచారణకీ న్యాయమూర్తి వచ్చి కూర్చుంటాడు. అంపైరు లాగన్నమాట. ఆయనకి ఓటు లేదు. ఓటు సభ్యులకే. తొంభై మంది. మూడింట రెండొంతులు దోషి అంటే అధ్యక్షుడు దిగిపోవాలి. జైలూ గీలూ ఏమీ లేదు, కుర్చీ పోతుందంతే. జైలు సంగతి తర్వాత మామూలు కోర్టులు చూసుకుంటాయి."

"తొంభైలో మూడింట రెండొంతులంటే అరవై."

"అరవై. దోషి అనేవాళ్ళు లెక్కకి సరిగ్గా అరవై మందే ఉన్నారని పేపర్ల వాళ్ళందరూ రాశారు."

ఇక్కడే వచ్చింది చిక్కంతా. విచారణ మొదలైన రోజు సభ్యులందరూ నిష్పక్షపాతంగా తీర్పు చెప్తామని ప్రమాణం చేసి, పుస్తకంలో సంతకం పెట్టారు. ఆ పుస్తకంలో ఎన్ని సంతకాలుంటే అంతమందే తీర్పరులని నిబంధన. పన్నెండో రోజైన ఇవాళ ఉదయం పదింటికి, ఓటుకి ముందు సంతకాలు లెక్కపెట్టారు. తొంభై ఒకటి వచ్చాయి.

తొంభై ఒకటిలో మూడింట రెండొంతులంటే అరవై సరిపోదు. అరవై ఒకటి కావాలి. ఒక్క దొంగ సంతకంతో దేశాధ్యక్షుడు ఒడ్డున పడిపోతాడు.

"ఆ ఎక్కువది కొట్టేస్తే పోలా?" అన్నాను.

"అంత సులువైతే నన్నెందుకు కూర్చోబెడతారు? ఎవరి సంతకమో వాళ్ళే సభలో నిలబడి నాదని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక పుస్తకం చూసే గుమాస్తాయే తన చేత్తో గీత కొట్టాలి. ఇంకెవరు కొట్టినా చెల్లదు. అదీ ఓటుకి మొదటి పేరు పిలిచేలోపు. పిలిచారా, ఇక లెక్క కదలదు."

"ప్రమాణం రోజున నువ్వు లెక్కపెట్టలేదా?"

"పెట్టాను. తొంభై."

"సంతకాలు లెక్కపెట్టావా?"

అక్క నావైపు చూడలేదు. "పెన్నులు."

"ఏంటీ?"

"ఒక్కొక్క సభ్యుడికీ ఒక కొత్త పెన్ను ఇస్తాం. దాంతో సంతకం పెట్టి జ్ఞాపకంగా జేబులో పెట్టుకుంటారు. పెట్టెలో తొంభై పెన్నులు. పెట్టె ఖాళీ అయితే తొంభై మందీ పెట్టినట్టు. నా ముందున్నాయన అలాగే లెక్కపెట్టేవాడు, ఆయన ముందాయనా అంతే."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దేశాధ్యక్షుడి తలరాత తేల్చే లెక్క ఖాళీ పెన్నుల పెట్టె చూసి రాశారు.

"నలుగురు నలుగురుగా వచ్చారు," అక్క గబగబా చెప్పుకుపోయింది. "పేజీకి ఎనిమిది గీతలు. నలుగురు పెట్టగానే పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు కొడతాను. మళ్ళీ నలుగురు. ఆఖర్న ఇద్దరు."

"అంతసేపూ పుస్తకం నీ కళ్ళముందే ఉందా?"

"ఉంది."

"అక్కా."

"ఉందంటున్నానుగా!"

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. చిన్నప్పుడు నా బొమ్మ విరగ్గొట్టి ఇలాగే పైకప్పు చూశావు."

అక్క పైకప్పు మీంచి చూపు దించింది. "పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువ. పుస్తకం తెరిచి బల్లమీద పెట్టాను. అప్పుడు చూసుకుంటే పెన్నుల పెట్టె పక్కగదిలో మర్చిపోయాను. వెళ్ళి తెచ్చాను. మూడు నిమిషాలు. సభ్యులింకా లోపలికి రాలేదు, కెమెరాలు పెట్టలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదే. అడిగినవాడెవడు? అందరూ బీరువా తాళం గురించే అడుగుతున్నారు."

"తిరిగొచ్చాక పేజీ చూశావా?"

ఆమె మెడలో వేలాడే కళ్ళద్దాలు వేళ్ళతో తడుముకుంది. "అద్దాలు పెట్టుకోలేదు."

"ఎందుకు?"

"టీవీలో వస్తానని."

నేను లేచి నిలబడ్డాను. ఇంకో నిమిషం కూర్చుంటే కొట్టేదాన్ని, లేకపోతే కౌగలించుకునేదాన్ని. రెండింటికీ టైమ్ లేదు.

* * *

పుస్తకం చూడాలంటే న్యాయమూర్తి అనుమతి కావాలి. ఆయన గదికి వెళ్ళేసరికి రెండూ నలభై.

ప్రధాన న్యాయమూర్తి బాగా పొడుగు మనిషి. కుర్చీలో మాత్రం ముడుచుకుని కూర్చున్నాడు. కళ్ళకింద నీలం. బల్లమీద టీ చల్లారి పొర కట్టింది.

"మీ అక్కగారు మంచి ఉద్యోగి అని విన్నాను," అన్నాడు.

"వినడమెందుకు సార్? పన్నెండు రోజులుగా మీ ఎదురుగానే పనిచేస్తోంది."

ఆయన బల్ల సొరుగు తెరిచాడు. చిన్న కాగితం లాగి, జేబులోంచి లావుపాటి నల్ల కలం తీశాడు. ముందు కాగితం పైన చివర ఏదో బరికి, తర్వాత దానికింద తీరిగ్గా 'ఈమెకు పుస్తకం చూపవచ్చును' అని రాశాడు. ముందు సంతకం, తర్వాత రాత! ఖాళీ కాగితం మీద అలా సంతకం పెట్టేవాళ్ళని నేను మోసాల కేసుల్లోనే చూశాను, అదీ మోసపోయినవాళ్ళ వరుసలో. ఇంత పెద్దమనిషికి ఇదేం అలవాటో అనుకుంటూ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

గుమ్మం దగ్గరికి వచ్చాక వెనక్కి పిలిచాడు.

"అమ్మా, మీ అక్కగారు... భోంచేశారా?"

నేరం మోపిన మనిషి గురించి న్యాయమూర్తి అడిగే ప్రశ్న కాదది. లేదన్నాను. ఆయన తలదించుకున్నాడు. నాకు అంతా గందరగోళంగా ఉంది.

* * *

సభ హాలు ఖాళీగా ఉంది. పెద్ద కుర్చీకి ఎదురుగా, రెండు మెట్ల కింద, ప్రమాణం బల్ల. బల్లమీద పుస్తకం. పుస్తకం పక్కన భద్రతాధికారి.

వీడూ నేనూ ఒకే బ్యాచ్. శిక్షణలో వాన పడుతుంటే మేమందరం బురదలో పాకేవాళ్ళం. వీడి చొక్కాకి మాత్రం ముడత పడేది కాదు. అప్పట్నుంచీ ఇస్త్రీ అనే పిలుస్తాం. నాకు రావలసిన ప్రమోషన్ వీడికొచ్చిన రోజునే నేను రాజీనామా ఇచ్చాను. దాచుకోవడమెందుకు, వీణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"రా కందిరీగా! అక్కని కాపాడటానికి చెల్లెలు. సినిమా తియ్యొచ్చు."

"నువ్వు విలన్‌గా వేస్తే తీస్తాను. పుస్తకం జరుపు."

"చేత్తో ముట్టుకోకు. పేజీలు నేను తిప్పుతా." చేతికి తొడుగులున్నాయి వాడికి. నేరుగా ఆఖరి పేజీ తెరిచాడు. "చూడు. ప్రమాణం రోజు వీడియో ఆరుసార్లు చూశాను. నలుగురేసి ఇరవై రెండు జట్లు, చివర్లో ఇద్దరు. తొంభై. పదకొండు పేజీలు నిండాలి, పన్నెండో పేజీలో రెండే ఉండాలి. ఎన్నున్నాయి?"

మూడు సంతకాలున్నాయి.

"అంటే మూడోది తర్వాత ఎవరో చేర్చిందే కదా. ఈ పదకొండు రోజులూ పుస్తకం బీరువాలో ఉంది. తాళం చెవి మీ అక్క మొలలో ఉంది. ఇంతకంటే ఏం కావాలి?"

వాడి లెక్కలో తప్పేమీ దొరకలేదు. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, అక్కే చేసిందేమో అనిపించింది. అలా అనిపించినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

"ఆ మూడింట్లో దొంగది ఏది?" అన్నాను.

"ల్యాబ్ తేలుస్తుంది. మూడు రోజులు పడుతుంది."

"ఓటు ఇవాళ. ల్యాబ్ మూడు రోజులకి. బాగుంది నీ ముహూర్తం. మొదటి పేజీ తియ్యి."

"అక్కడేముంది?"

"ఏమీ లేకపోతే తియ్యడానికేం? తియ్యి."

వాడు కదల్లేదు. నేను న్యాయమూర్తి కాగితం తీసి వాడి ముక్కుకి ఎదురుగా పెట్టాను. ఒక్కొక్క పేజీ తిప్పుకుంటూ, ఆలస్యం చేసుకుంటూ, చివరికి మొదటి పేజీ తెరిచాడు.

ఎనిమిది గీతల మీద ఎనిమిది సంతకాలు. పేర్లు లేవు. సంతకాలన్నీ కోడి కెలికినట్టే ఉన్నాయి. కుడిపక్కన అంచులో అక్క పెన్సిల్ టిక్కు సన్నగా కనిపించింది. నలుగురికి ఒక టిక్కు. అంటే నాలుగో గీత పక్కన ఉండాలి.

అది ఐదో గీత పక్కన ఉంది.

"రెండో పేజీ తిప్పు."

టిక్కు మొదటి గీత పక్కన. మళ్ళీ ఐదో గీత పక్కన. మూడో పేజీలోనూ అంతే. మొదట్లో ఒక్కటి ఎక్కువై, అక్కణ్ణుంచి పుస్తకమంతా ఒక్కొక్క మెట్టు కిందకి జరిగింది. అందుకే ఆఖరి పేజీలో రెండు ఉండాల్సినచోట మూడయ్యాయి.

"ఇస్త్రీ, నీ బీరువా కథ ఇక్కడితో సరి. తర్వాత చేర్చినదైతే టిక్కులు సరిగ్గా నాలుగో గీత దగ్గర ఉండేవి, చివర్లో మాత్రమే తేడా వచ్చేది. మొదటి టిక్కు పడేలోపే ఐదు సంతకాలున్నాయి. అంటే ఎక్కువ సంతకం ప్రమాణం రోజునే పడింది, మొదటి జట్టు సంతకాలు పూర్తయ్యేలోపు. తాళంతో పనేముంది?"

వాడు టిక్కు మీద తొడుగు వేలు పెట్టి చూశాడు. మెడమీద నరం కొట్టుకోవడం కనిపించింది. కానీ నోరు మాత్రం తడబడలేదు.

"అయితే మరీ మంచిది. అదేరోజు చేసింది. పెన్నుల పెట్టె మర్చిపోయానని వంక పెట్టి పక్కగదికి వెళ్ళింది చూడు, అప్పుడే ఎవరితోనో మాట్లాడుకుని వచ్చుంటుంది. నాలుగింటికి అరెస్టు ఖాయం. ఇంతకంటే ముందే తీసుకెళ్ళినా అడిగేవాడు లేడు."

మనసులో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. వాడన్న మాటలో ఏదో తేడా ఉంది. ఏమిటో అందలేదు. అంతలో నా చూపు మొదటి గీత మీద ఆగిపోయింది.

కింది సంతకాలన్నీ నీలం సిరా, పెట్టెలోని పెన్నులవి. పైది నల్లగా ఉంది, లావుగా ఉంది. సంతకం కూడా కాదు. చేపల గాలంలా ఒక వంపు, దానికింద రెండు చుక్కలు.

చేతిలో ఉన్న అనుమతి కాగితం వైపు చూశాను. కాగితం పైన చివర అదే నల్ల సిరా, అదే గాలం, కింద రెండు చుక్కలు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇస్త్రీకి ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం తెలివి అనుకునేరు, కాదు. నోట మాట రాలేదు.

* * *

మూడూ నలభై ఒకటి. ఈసారి న్యాయమూర్తి గది తలుపు తట్టలేదు, తోసేశాను. కాగితం ఆయన ముందు పెట్టాను.

"కాగితం మీద రాయకముందే సంతకం ఎందుకు పెట్టారు సార్?"

ఆయన కాగితం చూశాడు, నన్ను చూశాడు. ఎంతోసేపటిగా ఎదురుచూస్తున్న మనిషి వచ్చినట్టు నిట్టూర్చాడు.

"కోర్టులో కొత్త రిజిస్టరు తెరిస్తే మొదటి గీత మీద జడ్జి పొట్టి సంతకం పెట్టాలి. తర్వాతే గుమాస్తా రాస్తాడు. నలభై ఏళ్ళ అలవాటమ్మా. ఆ రోజు హాల్లో ఎవరూ లేరు. బల్లమీద కొత్త పుస్తకం తెరిచి ఉంది. నా చేతిలో కలం ఉంది." ఆయన తన కుడిచెయ్యి పరాయి మనిషిని చూసినట్టు చూసుకున్నాడు. "పెట్టినట్టు కూడా గుర్తులేదు."

"గుర్తొచ్చిందెప్పుడు?"

"ఇవాళ ఉదయం తొమ్మిదింటికి. లెక్కకి గంట ముందు పుస్తకం తెప్పించి చూశాను."

"తెలిసీ మా అక్కని నిందితురాలిగా కూర్చోబెట్టారా?" నా గొంతు నాకే వికారంగా వినిపించింది. "ముప్పై ఒక్కేళ్ళు ఒక్క మచ్చ లేకుండా పనిచేసింది సార్ ఆవిడ! పొద్దున్నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టుకోలేదు. మీరేమో భోంచేసిందా అని నన్నడుగుతారు!"

"తిట్టండి. తిట్లు తినాల్సినవాణ్ణే." ఆయన చల్లారిన టీ పక్కకి జరిపాడు. "ఓటు లేని అంపైరు తీర్పరుల పుస్తకంలో సంతకం పెట్టాడంటే విచారణంతా చెల్లదంటారని భయపడ్డాను. చరిత్రలో నా పేరు పక్కన అదొక్కటే మిగులుతుంది కదా అనీ భయపడ్డాను. అబద్ధమెందుకు, రెండో భయమే ఎక్కువ. మీ అక్కగారి దగ్గర తాళం చెవి తీసుకుని పుస్తకం బీరువాలోంచి తెచ్చిచ్చిన అతనికే చెప్పాను. ఆవిడ పెన్నుల పెట్టె మర్చిపోయానని గొణుక్కుంటూ పక్కగదికి వెళ్ళడం గుమ్మంలోంచి చూశానని, అప్పుడే జరిగిందని, అంతా చెప్పాను. మీరు నోరు మెదపకండి, రెండు గంటల్లో సర్దేస్తాను అన్నాడు."

పెన్నుల పెట్టె.

అక్క ఎవరికీ చెప్పలేదు. హాల్లో ఎవరూ లేరు. వీడియో అప్పటికి మొదలవలేదు. మరి ఇస్త్రీ నోటికి ఆ పెట్టె ఎలా వచ్చింది? ఇందాక గుచ్చుకున్న ముల్లు ఇదే.

"ఎవరికి చెప్పారు సార్?" అడిగాను, జవాబు తెలిసి కూడా.

"భద్రతాధికారికి."

బుర్రలో చిక్కుముళ్ళు ఒక్కొక్కటిగా విడిపోతున్నాయి. విడిపోయేకొద్దీ భయం పెరుగుతోంది. వాడికి ఉదయం తొమ్మిదింటికే అంతా తెలుసు. తెలిసే మూడు రోజుల ల్యాబ్ అన్నాడు. తెలిసే మొదటి పేజీ తియ్యడానికి నీళ్ళు నమిలాడు. ఎవరి ఉప్పు తింటున్నాడో గానీ, వాడికి కావలసింది దొంగని పట్టుకోవడం కాదు. లెక్క తొంభై ఒకటి దగ్గర ఆగిపోవడం.

దానికి రెండు మార్గాలు. న్యాయమూర్తి నోరు విప్పకూడదు. లేదా, విప్పినా గీత కొట్టాల్సిన చెయ్యి సభలో ఉండకూడదు.

"సార్, ఇప్పుడైనా సభలో ఒప్పుకుంటారా?"

ఆయన లేచాడు. నిటారుగా నిలబడితే ఇంత పొడుగా అనిపించింది. "గంట కొట్టగానే. మీ అక్కగారిని బల్ల దగ్గరికి తీసుకురండి. మొదటి పేరు పిలవడం ఐదు నిమిషాలు ఆపగలను. అంతకు మించి ఆపే అధికారం నాకు లేదు."

"ఇస్త్రీని ఆపమని ఎవరికైనా చెప్పండి."

"ఎవరికి చెప్పనమ్మా? భవనంలో ఉన్న ప్రతి గార్డూ అతని మనిషే."

కంచే చేను మేస్తే ఇంక కావలి ఎవరు? నేను పరుగెత్తాను.

* * *

మూడూ యాభై నాలుగు. అక్కని కూర్చోబెట్టిన గది తలుపు బార్లా తెరిచి ఉంది. కుర్చీ ఖాళీ. బల్లమీద ముట్టుకోని రొట్టె, మంచినీళ్ళ గ్లాసు. గ్లాసు పక్కన తాడు తెగిన కళ్ళద్దాలు.

అక్క అద్దాలు టీవీ కోసం తీస్తుంది గానీ గది దాటేటప్పుడు వదిలిపెట్టి వెళ్ళదు. ఎవరో చెయ్యి పట్టి లాగి ఉంటారు.

"ఇప్పుడే తీసుకెళ్ళారమ్మా," నడవా తుడుస్తున్న ముసలాయన చీపురుతో చూపించాడు. "వెనక గేటు. వ్యాను తెప్పించారు."

అద్దాలు గుప్పిట్లో పట్టుకుని మెట్లు రెండేసి దిగాను. మోకాలు కలుక్కుమంది. నా వయసు నాకు గుర్తుచేయడానికి అదే దొరికిందా టైము!

వెనక ఆవరణలో పోలీసు వ్యాను ఇంజను ఆన్‌లో ఉంది. గేటు రెక్క ఒకటి తెరిచారు, రెండోది తెరుస్తున్నారు. ముందు సీట్లో ఇస్త్రీ. వెనక జాలీలోంచి అక్క ముఖం, కళ్ళు చికిలించుకుని వెలుతురులోకి చూస్తోంది. నేనెవరో ఆమెకి కనిపించిందో లేదో.

నేను వెళ్ళి వ్యానుకి ఎదురుగా నిలబడ్డాను.

"తప్పుకో," అన్నాడు ఇస్త్రీ కిటికీలోంచి. "విచారణకి తీసుకెళ్తున్నాను. చట్టప్రకారమే."

"చట్టప్రకారం నాలుగింటికి. ఇంకా ఒక నిమిషముంది. నీ చేత్తో నువ్వే రాసిచ్చావు."

"ఒక్క నిమిషానికి ఏం మారిపోతుంది?"

"పెన్నుల పెట్టె సంగతి నీకెవరు చెప్పార్రా?"

వాడి ముఖంలో రంగు పోయింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి చొక్కా కాలరు మీదికి వెళ్ళింది.

గంట మోగింది. సభ కార్యక్రమం బయటివాళ్ళకి వినిపించడానికి ఆవరణలో లౌడ్‌స్పీకర్లు పెట్టారు. మొదట దగ్గు, తర్వాత కాగితాల చప్పుడు. ఆపైన న్యాయమూర్తి గొంతు వినిపించింది. ఇందాక గదిలో విన్న గొంతు కాదది.

"ఓటుకి ముందు ఒక విషయం. ప్రమాణ పుస్తకం మొదటి పేజీ, మొదటి గీత మీద ఉన్న సంతకం నాది. పొరపాటున పెట్టాను. తప్పు నాది, గుమాస్తాది కాదు."

స్పీకర్లు ఒక్కసారిగా హోరెత్తిపోయాయి. తొంభై మంది ఒకేసారి అరిస్తే మాటలు వినిపించవు, చప్పుడే వినిపిస్తుంది. జాలీ వెనక అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏడుస్తోంది. ఏడవనీ, ఇప్పుడు ఏడ్చినా పరవాలేదు.

"విన్నావుగా," అన్నాను. "ఇక నీ దగ్గర కేసు లేదు. తలుపు తియ్యి."

వాడు తియ్యలేదు. వాచీ చూసుకున్నాడు. అప్పుడర్థమైంది నాకు. వాడికి కేసు ఎప్పుడూ అక్కర్లేదు. ఐదు నిమిషాలు కావాలి, అంతే.

"సంతకం కొట్టివేయడానికి ప్రమాణ పుస్తకం గుమాస్తా సభలో హాజరు కావాలి," అంది లౌడ్‌స్పీకరు.

"ఒసేయ్, పక్కకి తప్పుకోవే!" అక్క అరిచింది. "వీళ్ళు ఆపరు. నా మాట విను!"

"నీ అద్దాలు తెచ్చానక్కా. అవి లేకపోతే గీత ఎక్కడ కొడతావు?"

ఇస్త్రీ డ్రైవరు వైపు తిరిగాడు. "పోనీ."

డ్రైవరు వాణ్ణి చూశాడు, నన్ను చూశాడు. నుదుటిమీద చెమట తుడుచుకున్నాడు.

"పోనీమన్నానా?"

"గుమాస్తా హాజరు కావాలి," లౌడ్‌స్పీకరు రెండోసారి పిలిచింది. న్యాయమూర్తి ఆపగలనన్న ఐదు నిమిషాల్లో ఒకటి అయిపోయింది.

డ్రైవరు గేరు మార్చాడు. వ్యాను ఒక్క కుదుపుతో ముందుకి కదిలింది. బంపరు నా మోకాళ్ళకి తగిలి ఆగింది, ఇంజను ఇంకా గట్టిగా రొద పెట్టింది.

నేను కళ్ళు మూసుకోలేదు. తాడు తెగిన అద్దాలు అక్కకి కనబడేలా పైకెత్తి పట్టుకుని అక్కడే నిలబడ్డాను.